పంచాయతీ వీధి దీపము

తిరుపతి నుండి పుత్తూరు మీదుగా చెన్నైకి పోవు రహదారిపై వడమాలపేట అను మండల కేంద్రము గలదు. చిరకాలము చిత్తూరు జిల్లాకు చెందియుండిన ఈ మండలము 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. పొద్దు గ్రుంకిన పిమ్మట ఈ దారిన బస్సులో పోవువారికి ఊరు వచ్చినదని మొదట తెలుపునది స్తంభములపై వెలుగు దీపముల వరుసయే. ఊరి వీధులలోని దీపములకు విద్యుత్తు బిల్లు చెల్లింపవలసినది పంచాయతీ. మాడిపోయిన దీపమును మార్పించు బాధ్యత కూడ పంచాయతీదే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము గ్రామ పంచాయతీకి విధించిన కర్తవ్యములలో వీధులందు, ప్రజలు మసలు చోట్లయందు దీపములు పెట్టించుట ఒకటి.

2017లో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు జిల్లాల గ్రామ పంచాయతీలలో 10 లక్షల పాత వీధి దీపములను తీసివేసి, వాని స్థానమున ఎల్‌.ఇ.డి. దీపములను అమర్చుటకు నిర్ణయము జరిగినది. గుంటూరు, ప్రకాశము, నెల్లూరు, కర్నూలు, కడప, అనంతపురము, చిత్తూరు అనునవి ఆ జిల్లాలు. కనుక నాటి చిత్తూరు జిల్లాలోని వడమాలపేట ప్రాంతము కూడ ఈ పథకపు పరిధిలోనిదే. దేశములో జాతీయ వీధి దీపముల పథకము క్రింద పల్లెల కొరకు తలపెట్టిన మొదటి పని ఇదియే యగుట గమనింపదగినది.

దీపము మార్చినంత మాత్రమున ఖర్చు ఎట్లు తగ్గును? ఆ ఆదా అంతయు దీపములోనే యున్నదా? లేక దీపమును వెలిగించి, ఆర్పి, బాగుచేయు ఏర్పాటులో కూడ కొంత యున్నదా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనవలెనన్న వీధి దీపము నడచి వచ్చిన దారిని ఒకసారి తిరిగి చూడవలెను.

నిచ్చెనయు, నూనె డబ్బాయు

విద్యుత్తు రాక పూర్వము మన ఊళ్లలో రాత్రివేళ వీధిలో నడచువాడు తన వెలుగును తానే తీసికొని పోవలసి యుండెను. కలిగినవారి ముందు దివిటీ పట్టుకొని నడచు మనిషి యుండెడివాడు. పెండ్లి ఊరేగింపునకు కాగడాలు, దేవుని ఉత్సవమునకు దివిటీలు. మిగిలిన రోజులలో వీధి చీకటిదే. ఇంటిలో ఆముదపు ప్రమిద వెలుగు గడప దాటి వచ్చునది కాదు.

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కిరసనాయిలు విరివిగా దొరకుటతో పట్టణములలో వీధి దీపము ఒక సార్వజనిక సదుపాయముగా మారినది. స్తంభముపై గాజు పలకల పెట్టె, లోపల లాంతరు. సాయంకాలమున ఒక నౌకరు నిచ్చెన భుజమున వేసికొని, నూనె డబ్బా చేత పట్టుకొని స్తంభము వెంట స్తంభము తిరుగుచు మసి తుడిచి, ఒత్తి కత్తిరించి, నూనె పోసి వెలిగించెడివాడు. నూనె పొదుపు చేయుటకై వెన్నెల రాత్రులలో దీపములు వెలిగింపకుండుట అనేక పట్టణములలో ఆచారముగా నుండెను. దీపపు ఖర్చులో నూనె ధర ఎంతయో, దానిని కనిపెట్టుకొని యుండు మనిషి జీతము కూడ అంత ముఖ్యమని ఆనాటి పురపాలక సంఘములకు బాగుగా తెలియును.

ఆ తరువాత పెట్రోమాక్సు దీపము వచ్చినది. ఆస్ట్రియా దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు వెల్స్‌బాఖ్ 1880 తరువాతి సంవత్సరములలో కనిపెట్టిన ‘మాంటిల్’ దీనికి ప్రాణము. నూలు అల్లికను కొన్ని లవణములలో ముంచి కాల్చగా మిగులు తెల్లని బూడిద గూడే మాంటిల్. అందు 99 పాళ్లు థోరియము ఆక్సైడు, 1 పాలు సీరియము ఆక్సైడు ఉండును. తిరువాన్కూరు తీరపు మోనజైటు ఇసుక ఈ పదార్థములకు పేరు పొందిన నిధి. మంటలో వేడెక్కినపుడు ఈ గూడు కన్నులు మిరుమిట్లు గొలుపునట్లు వెలుగును. నాటకములకు, హరికథలకు, పెండ్లి పందిళ్లకు పల్లెలలో చాల కాలము ఈ దీపమే దిక్కు. ఇందులోని సీరియమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక! వంద సంవత్సరముల తరువాత అది మరల వీధి స్తంభము పైకి ఎక్కినది.

తీగ వచ్చిన పిదప

చిత్తూరు సీమకు ఇరుగు పొరుగున విద్యుత్తు తొందరగానే వచ్చినది. 1902లో మైసూరు సంస్థానమున కావేరిపై శివసముద్రము వద్ద ఉత్పత్తి చేసిన విద్యుత్తును సుమారు 90 మైళ్ల దూరము తీగల మీదుగా కోలారు బంగారు గనులకు చేర్చిరి. చిత్తూరు ప్రాంతము నుండి పోయిన కూలీలు ఎందరో ఆ గనులలో పని చేసిరి. 1905లో అదే విద్యుత్తుతో బెంగుళూరులో వీధి దీపములు వెలిగినవి. కాని పట్టణపు వీధికి వచ్చిన వెలుగు పల్లె వీధికి వచ్చుటకు మరి కొన్ని దశాబ్దములు పట్టినది. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ మండలి ఏర్పడినది. 1969లో పల్లెలకు విద్యుత్తు చేర్చుటకు అప్పులిచ్చు నిమిత్తము కేంద్ర ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పినది. ఆ తరువాతనే స్తంభములు ఊరూరికి చురుకుగా నడచినవి. 2000లో తిరుపతి ముఖ్య స్థానముగా దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పని ప్రారంభించినది. వడమాలపేటకు విద్యుత్తు అందించునది ఈ సంస్థయే.

స్తంభములపై మొదట వెలిగినది తంతువుతో కూడిన మామూలు బల్బు. 1879లో ఎడిసన్ కర్బన తంతువుతో దీనిని సాధించెను. తరువాత టంగ్‌స్టన్ తీగ వచ్చినది. ఈ తీగ సుమారు 2500 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగినపుడు కాంతినిచ్చును. కాని అది ప్రధానముగా కుంపటి. వెలుగు దాని ఉపఫలము మాత్రమే. బల్బు త్రాగు విద్యుత్తులో నూటికి సుమారు 95 పాళ్లు వేడిగా పోవును. కాంతిని కొలుచు ప్రమాణము ల్యూమెన్. బల్బు ఒక వాటు విద్యుత్తుకు 10 నుండి 15 ల్యూమెన్ల కాంతి మాత్రమే యిచ్చును.

రెండవది ట్యూబులైటు. 1938లో అమెరికాలో ఇది అమ్మకమునకు వచ్చినది. గొట్టములో కొద్దిపాటి పాదరసపు ఆవిరి యుండును. విద్యుత్ప్రవాహము దాని గుండా పోవునపుడు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణములు పుట్టును. గొట్టము లోపలి గోడకు పూసిన తెల్లని పొడి ఆ కిరణములను పీల్చికొని, కంటికి కనిపించు కాంతిగా మార్చి విడుచును. వాటుకు 60 ల్యూమెన్ల వరకు వచ్చుట వలన ఇది బల్బు కంటె నాలుగైదు రెట్లు మేలు. మన పల్లె స్తంభములపై రేకు పట్టీకి బిగించిన 40 వాట్ల ట్యూబులైటు ఈ విధముగా స్థిరపడినది.

అయితే ట్యూబులైటుకు చోకు కావలెను, స్టార్టరు కావలెను. చోకు తన వంతుగా మరి 10 నుండి 15 వాట్లు వేడి రూపమున కాజేయును. తీగ కొసన నున్న పల్లెలో సాయంకాలపు వేళ వోల్టేజి పడిపోయినపుడు ట్యూబు వెలుగలేక, ఆరలేక మిణుకుమిణుకుమనుచుండును. ఈ దృశ్యము తెలియని పల్లెవాసి యుండడు.

పెద్ద రహదారులపై పాదరస దీపము, సోడియము దీపము వచ్చినవి. సోడియము ఆవిరి ఇచ్చు పసుపు కాంతి మన కంటికి బాగుగా ఆనును. అందుచే తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగు కనిపించును. 1960 తరువాత వచ్చిన అధిక పీడన సోడియము దీపము వాటుకు 100 ల్యూమెన్ల దాక ఇచ్చి చాలకాలము రాజ్యమేలినది. కాని దాని వెలుగులో రంగులు తెలియవు. ఎర్రచీర గోధుమ రంగుగా తోచును. నీలి చొక్కా నల్లగా కనిపించును. దారిపై పడియున్నది త్రాడో పామో గుర్తించుటకు రంగులు తెలియుట ఎంతో కొంత అవసరమే కదా!

నీలి కాంతి కొరకు ముప్పది యేండ్లు

పై దీపములలో ప్రతి ఒక్కదానిలోను ఏదో ఒకటి మండవలెను, లేదా కాగవలెను, లేదా ఆవిరి రూపమున మెరయవలెను. ఎల్‌.ఇ.డి. అనగా కాంతినిచ్చు డయోడు ఇట్టిది కాదు. ఇది ఘన పదార్థము నుండి నేరుగా కాంతిని రాబట్టు సాధనము.

ఇందు రెండు అర్ధవాహక పొరలు ఒకదానినొకటి ఆనుకొని యుండును. ఒక పొరలో ఎలక్ట్రానులు అధికముగా నుండును. రెండవ దానిలో ఎలక్ట్రాను ఉండవలసిన చోట్లు ఖాళీగా నుండును. వీనికి ‘రంధ్రము’లని పేరు. విద్యుత్తు ప్రవహించినపుడు ఎలక్ట్రాను సరిహద్దు దాటి రంధ్రములో పడును. మిద్దెపై నుండి నేలకు దుమికినవాడు శక్తిని కోల్పోయినట్లే ఎలక్ట్రాను కూడ శక్తిని కోల్పోవును. ఆ శక్తియే కాంతిగా వెలువడును. మిద్దె ఎత్తు ఎక్కువైన కొలది కాంతి ఎరుపు నుండి నీలము వైపు జరుగును. ఎరుపు కాంతికి సుమారు 1.9 ఎలక్ట్రాను వోల్టుల ఎత్తు చాలును. నీలి కాంతికి సుమారు 2.8 కావలెను.

అర్ధవాహకము నుండి కాంతి వచ్చుటను 1907లోనే ఇంగ్లండుకు చెందిన రౌండ్ అను ఇంజనీరు గమనించెను. 1920 తరువాత రష్యాలో లోసెవ్ దీనిని శ్రద్ధగా పరిశోధించెను. 1962లో అమెరికాలో నిక్ హొలోన్యాక్ కంటికి కనిపించు ఎర్రని కాంతినిచ్చు డయోడును తయారు చేసెను. తరువాత పసుపు, ఆకుపచ్చ రంగులు వచ్చినవి. రేడియోలపై, గడియారములపై చిన్న చిన్న గుర్తు దీపములుగా ఇవి వెలిగినవి. కాని వీధికి తెల్లని కాంతి కావలెను. తెలుపు రావలెనన్న నీలము తప్పనిసరి. ఆ నీలమే ముప్పది సంవత్సరములు ఎవరికిని చిక్కలేదు.

నీలి కాంతికి తగిన పదార్థము గాలియము నైట్రైడు అని తెలియును. కాని దాని స్ఫటికములు పగుళ్లు లేకుండ పెరుగవు. అందు రంధ్రములు గల పొరను తయారు చేయుట అంతకంటె కష్టము. అనేక సంస్థలు విసిగి ఈ ప్రయత్నము మానుకొన్నవి. జపానులో నగోయా విశ్వవిద్యాలయమునకు చెందిన అకసాకి, ఆయన శిష్యుడు అమానో మాత్రము పట్టు విడువలేదు. 1986లో నీలమణి పలకపై అల్యూమినియము నైట్రైడు పొరను పరచి, దానిపై చక్కని స్ఫటికమును పెంచిరి. 1989లో రంధ్రములు గల పొరను సాధించిరి. నిచియా అను సంస్థలో పనిచేయుచుండిన నకమురా వేరొక మార్గమున అదే గమ్యమునకు చేరి, 1993లో ప్రకాశవంతమైన నీలి డయోడును ప్రపంచమునకు చూపెను.

అటుపై తెలుపు సులభమైనది. నీలి డయోడుపై ఒక పసుపు పొడిని పూసిరి. నీలి కాంతిలో కొంత ఆ పొడిని తాకి పసుపు కాంతిగా మారును. మిగిలిన నీలము, ఈ పసుపు కలిసి కంటికి తెలుపుగా తోచును. 1996లో ఇట్టి తెల్లని దీపములు మార్కెట్టుకు వచ్చినవి. ఆ పసుపు పొడిలో క్రియాశీలమైన మూలకము సీరియమే! పెట్రోమాక్సు మాంటిల్‌లో తాతల కాలమున వెలిగిన పదార్థమే ఎల్‌.ఇ.డి. నుదుట పసుపు బొట్టుగా తిరిగి వచ్చినది.

విశాఖ తుఫాను

2014 అక్టోబరు 7వ తేదీన అకసాకి, అమానో, నకమురాలకు భౌతిక శాస్త్రమున నోబెల్ బహుమతి ప్రకటింపబడినది. సరిగా అయిదు దినముల తరువాత, అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటినది. చెట్లు కూలినవి, స్తంభములు వంగినవి, నగరమంతయు చీకటి కమ్మినది. పాడైన వీధి దీపముల స్థానమున మరల పాత రకము దీపములనే పెట్టుటకు మారుగా, నగరమంతట ఎల్‌.ఇ.డి. దీపములను పెట్టుటకు విశాఖ నగర పాలక సంస్థ పూనుకొన్నది. కొద్ది నెలలలోనే సుమారు 92 వేల దీపములు మార్పు చెందినవి. ఇంత పెద్ద నగరమున ఇంత త్వరగా ఈ పని జరుగుట దేశమునకు ఒక మాదిరి యైనది.

ఈ పనిని నిర్వహించినది ‘ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్’ అను ప్రభుత్వరంగ సంస్థ. 2009లో నాలుగు కేంద్ర విద్యుత్ సంస్థలు కలసి దీనిని స్థాపించినవి. వానిలో ఒకటి 1969 నాటి గ్రామీణ విద్యుదీకరణ సంస్థయే. పల్లెకు తీగను తెచ్చుటకు అప్పులిచ్చిన సంస్థ నలువది యేండ్లకు ఆ తీగలో పారు విద్యుత్తును పొదుపు చేయు పనికి కూడ చేయి కలిపినదన్నమాట.

ఇచట గమనింపవలసినది చెల్లింపు పద్ధతి. క్రొత్త దీపముల ధర నగరము ముందుగా చెల్లింపనక్కరలేదు. ఆ సంస్థయే పెట్టుబడి పెట్టి దీపములు అమర్చి, కొన్ని సంవత్సరములు వాని మంచిచెడ్డలు చూచును. బిల్లులో మిగిలిన సొమ్ము నుండి నగరము వాయిదాలు చెల్లించును. దీపముల ధర కూడ దేశమంతటికి ఒక్కసారిగా కొనుట చేత పడిపోయినది. 2014 జనవరిలో ఇండ్లలో వాడు ఒక ఎల్‌.ఇ.డి. బల్బును ఈ సంస్థ 310 రూపాయలకు కొన్నది. 2016లో అది 38 రూపాయలకే దొరకినది. 2015 జనవరి 5న ప్రారంభమైన జాతీయ వీధి దీపముల పథకము ఈ పద్ధతిని దేశమంతటికి విస్తరింపజేసినది. 2025 ఆరంభమునకు 1 కోటి 34 లక్షలకు పైగా వీధి దీపములు మారినట్లును, అందువలన ఏటేట సుమారు 900 కోట్ల యూనిట్లు ఆదా యగుచున్నట్లును కేంద్ర ప్రభుత్వము ప్రకటించినది.

పల్లె లెక్క

ఇక పల్లెకు వత్తము. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ పథకమునకు పెట్టుబడి ఫ్రాన్సు దేశపు అభివృద్ధి సంస్థ నుండి అప్పుగా వచ్చినది. పది సంవత్సరముల నిర్వహణ బాధ్యత దీపములు పెట్టు సంస్థదే. 10 లక్షల దీపముల వలన సంవత్సరమునకు 14 కోట్ల 70 లక్షల యూనిట్లు మిగులునని అంచనా వేసిరి. ఈ అంచనా సబబైనదా? కాగితము, కలము ఉన్న ఎవరైనను దీనిని పరీక్షింపవచ్చును.

40 వాట్ల ట్యూబులైటు చోకుతో కలిసి సుమారు 55 వాట్లు త్రాగును. దాని స్థానమున 18 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపము పెట్టితిమనుకొందము. తేడా 37 వాట్లు. రాత్రికి 11 గంటల చొప్పున సంవత్సరమునకు 4015 గంటలు. 37ను 4015తో హెచ్చించి వేయితో భాగించినచో దాదాపు 148 యూనిట్లు వచ్చును. ప్రభుత్వపు అంచనా ప్రకారము ఒక్కొక్క దీపమునకు 147 యూనిట్లు. లెక్క సరిపోయినది. దేశమంతటి సగటు దీపమునకు 670 యూనిట్లు ఉండుటకు కారణము కూడ ఇట్లే తెలియును. నగరములలో తీసివేసినవి 150, 250 వాట్ల సోడియము దీపములు.

18 వాట్ల దీపము 40 వాట్ల ట్యూబుతో ఎట్లు సరితూగును? ట్యూబు నలుదిక్కులకు కాంతిని చిమ్మును. అందు సగము పైకి, పట్టీ రేకు మీదికి పోవును. ఎల్‌.ఇ.డి. తన ముందు వైపునకే కాంతిని పంపును. దానిని నేల వైపునకు త్రిప్పి బిగించినచో వెలుగంతయు వీధిలోనే పడును. దీనికి తోడు వాటుకు 100 ల్యూమెన్లకు పైగా ఇచ్చును. వోల్టేజి పడిపోయినను లోపలి ‘డ్రైవరు’ అను విద్యుత్ పరికరము సర్దుకొని దీపమును నిలకడగా వెలిగించును.

వంద దీపములు గల పంచాయతీకి సంవత్సరమునకు 14,800 యూనిట్లు మిగులును. యూనిటు 7 రూపాయలనుకొన్నను లక్ష రూపాయలకు పైబడిన మాట. వాయిదాలు పోను మిగిలినది కొంతయే యైనను చిన్న పంచాయతీకి అది త్రాగునీటి మోటారు మరమ్మతుకో, మురుగు కాలువకో పనికివచ్చు సొమ్ము. యూనిటుకు సుమారు 0.8 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడు మన విద్యుద్వ్యవస్థలో పది లక్షల దీపముల వలన ఏటికి దాదాపు 1 లక్ష 20 వేల టన్నుల వాయువు గాలిలో కలియకుండ ఆగును.

మూడవ తీగ

ఈ లెక్క అంతయు ఒక్క మాటపై నిలిచియున్నది. అది ‘రాత్రికి 11 గంటలు’. దీపము తెల్లవారగానే ఆరినపుడే ఈ ఆదా.

అనేక పల్లెలలో వీధి దీపములు పగలు కూడ వెలుగుచుండుట చూచుచున్నాము. ఇది కేవలము అశ్రద్ధ కాదు. ఇండ్లకు పోవు తీగకే వీధి దీపమును తగిలించినచో దీపమును ఆర్పుటకు ఇండ్లకు కూడ విద్యుత్తు నిలుపవలసి వచ్చును. కనుక దానిని ఎవరును ఆర్పరు. దీనికి మందు వీధి దీపముల కొరకు వేరుగా ఒక తీగను లాగి, దానికొక మీటను పెట్టుట. లైన్‌మెన్లు దీనిని ‘మూడో తీగ’ అందురు. ఆ తీగకు కాలమును బట్టి గాని, వెలుతురును బట్టి గాని తనంత తానే పనిచేయు మీటను పెట్టినచో మరియు మంచిది. నగరములలో ఒక్కొక్క మీటల పెట్టె క్రింద పదుల కొలది దీపములను చేర్చి, దూరము నుండియే వానిని వెలిగించి, ఆర్పి, ఎన్ని మాడినవో తెలిసికొను ఏర్పాటు చేసిరి.

మూడవ తీగ లేనిచో నష్టమెంత? 18 వాట్ల దీపము రేయింబవళ్లు వెలిగినచో ఏటికి దాదాపు 158 యూనిట్లు ఖర్చగును. రాత్రి మాత్రమే వెలిగినచో 72 యూనిట్లు చాలును. అనగా 86 యూనిట్లు వృథా. దీపము మార్చి సంపాదించిన 148 యూనిట్లలో సగమునకు మించి పట్టపగలు ఎండలో ఆవిరి యగుచున్నదన్నమాట! అంతేకాదు. ఎల్‌.ఇ.డి. ఆయువును సాధారణముగా 50 వేల గంటలుగా చెప్పుదురు. రాత్రి మాత్రమే వెలుగు దీపమునకు అది పండ్రెండేండ్లకు పైబడిన కాలము. ఎడతెగక వెలుగు దీపమునకు ఆరు సంవత్సరములు కూడ రాదు. కాబట్టి ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన ముగ్గురు శాస్త్రజ్ఞుల కృషిలో సగభాగమును ఒక్క తీగ లేకుండుట వమ్ము చేయగలదు.

ఆయువును గూర్చి మరియొక మాట. ఎల్‌.ఇ.డి.కి వేడి శత్రువు. అది బల్బువలె వేడిని కిరణములుగా బయటికి పంపదు. పుట్టిన వేడి వెనుక నున్న లోహపు రెక్కల గుండా గాలిలోనికి పోవలెను. రాయలసీమ వేసవిలో పగలు 40 డిగ్రీలు దాటిన ఎండలో ఆ రెక్కలపై దుమ్ము పేరుకొని, దీపము కూడ వెలుగుచుండినచో లోపలి భాగములు త్వరగా క్షీణించును. పెక్కుసార్లు మొదట పాడగునది డయోడు కాదు, డ్రైవరు. పిడుగు పడినపుడు తీగలో వచ్చు వోల్టేజి పొంగు కూడ దానినే కొట్టును.

వెనుకటి ట్యూబు మాడిపోయినచో సంతలో క్రొత్తది కొని తెచ్చి, ఊరి ఎలక్ట్రీషియను నిచ్చెన వేసికొని అర గంటలో బిగించెడివాడు. ఎల్‌.ఇ.డి. దీపము మూసి ముద్ర వేసిన పెట్టె వంటిది. చాల సందర్భములలో మొత్తము దీపమును మార్చవలసి వచ్చును. మార్చు బాధ్యత ఒప్పందము ప్రకారము దూరమున నున్న సంస్థది. స్థానిక సంస్థలు వాయిదాలు సకాలమున చెల్లింపలేక బకాయిలు పడుట అనేక రాష్ట్రములలో జరిగినది. బకాయి పెరిగిన చోట మరమ్మతు వెనుకబడును. అపుడు విద్యుత్తు ఆదా నూటికి నూరు పాళ్లు, వెలుగు మాత్రము సున్న! వానకాలపు రాత్రి పాముకు, తేలుకు వెరచి నడచువారికి, చివరి బస్సు దిగి ఒంటరిగా ఇంటికి పోవు ఆడపిల్లకు ఆ ఆదాతో ప్రయోజనమేమి?

2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయములు ప్రారంభమైనపుడు ఎనర్జీ అసిస్టెంటు అను ఉద్యోగిని కూడ నియమించిరి. విద్యుత్ పనులు తెలిసిన మనిషి ఊరిలోనే యుండుట ఈ దృష్టితో చూచిన మంచి ఏర్పాటు. కాని అతని చేతిలో మార్చుటకు దీపము, డ్రైవరు నిలువ యుండిననే అతని విద్య పనికివచ్చును.

వెలుగు మితిమీరిన

తెల్లని ఎల్‌.ఇ.డి. కాంతిలో నీలము పాలు హెచ్చు. నీలము హెచ్చిన కాంతి రాత్రివేళ నిద్రకు భంగము కలిగింపవచ్చునని వైద్యుల అభిప్రాయము. 2016లో అమెరికా వైద్య సంఘము వీధి దీపములకు 3000 కెల్విన్ లేదా అంతకు తక్కువ వర్ణ ఉష్ణోగ్రత గల, అనగా కొంచెము పసుపు చాయ గల దీపములనే వాడవలెనని సలహా యిచ్చినది. తీక్ష్ణమైన దీపము ఎదుటి నుండి కన్నుల బడినచో మిరుమిట్లు గొలిపి దారి కనిపింపకుండ చేయును. కావున దీపము కాంతి నేలపైననే పడునట్లు వంచి బిగించుట, ఇండ్ల కిటికీలలోనికి పోకుండ చూచుట అవసరము. దీని కొరకు క్రొత్త ఖర్చేమియు లేదు. బిగించునపుడే శ్రద్ధ యుండిన చాలును.

దివిటీ నుండి డయోడు వరకు చూచినచో ఒక వాటు విద్యుత్తు ఇచ్చు వెలుగు ఒక శతాబ్దిలో పది రెట్లు పెరిగినది. శాస్త్రము చేయవలసిన పని చాల వరకు చేసినది. మిగిలినది ఊరి పని. వడమాలపేటలోగాని మరి యే పంచాయతీలోగాని ప్రజలు గ్రామసభలో అడుగదగిన ప్రశ్నలు నాలుగు: మన వీధి దీపములకు వేరు తీగ యున్నదా? పగలు వెలుగుచున్నవి ఎన్ని? మాడిన దీపము ఎన్ని దినములలో మారుచున్నది? దీపములు మారిన పిదప బిల్లు ఎంత తగ్గినది? ఈ నాలుగింటికి పంచాయతీ పుస్తకములో సమాధానము వ్రాసి యున్నచో ఎల్‌.ఇ.డి. ఆ ఊరికి లాభకరమైనదని చెప్పవచ్చును. వెనుకటి రోజులలో నిచ్చెన భుజమున వేసికొని స్తంభము వెంట స్తంభము తిరిగిన మనిషి చేసిన పనిని నేడు మీట చేయవచ్చును, సచివాలయపు ఉద్యోగి చేయవచ్చును. ఎవరైనను ఒకరు చేయవలెను.